గట్టును కాచు వట్టివేరు

వేసవిలో తలుపులకు, కిటికీలకు వట్టివేళ్ల తడకలు కట్టి నీరు చల్లుట మనవారికి క్రొత్త కాదు. అయితే ఆ వేళ్లనిచ్చు గడ్డి గట్టుమీద బ్రతికియున్నప్పుడు చేయు మేలును పలువురు గుర్తింపలేదు.

కురువేరనియు పిలువబడు ఈ వట్టివేరు మన దేశపు గడ్డియే. ఒకసారి నాటిన ననేక సంవత్సరములు నిలుచును. దుబ్బు మనిషియెత్తు పెరిగి, ఊదారంగు వెన్నులు వేసి కంటి కింపుగా నుండును. దీని వేళ్లు ప్రక్కలకు ప్రాకి పైరు బలమును హరింపక, తిన్నగా క్రిందికి పదియడుగుల వరకు దిగును. దక్షిణదేశమున సాగుచేయు రకము మొలకెత్తు విత్తనము నీయదు. కావున కలుపుగా మారి పొలమున వ్యాపింపదు. కర్ణాటకలోని గుండ్లుపేట రైతులు తరతరములుగా దీనిని పొలముల సరిహద్దులందు నాటుచు వచ్చిరి. ఇది నేలకోత నరికట్టు విధమును గూర్చి 1993లో అమెరికా జాతీయ పరిశోధన మండలి యొక గ్రంథమునే ప్రకటించినది.

ఈ గడ్డి ఇసుకనేలలందును, నల్లరేగడులందును, కొంత చవుడున్న నేలలందును పెరుగును; ఎండకును, కొంతకాలము నీటిముంపునకును ఓర్చును. ఓర్వనిది నీడ. చెట్లక్రింద నాటిన దుబ్బు కట్టదు.

తొలకరిలో పాత దుబ్బును త్రవ్వి, రెండు మూడు పిలకల చొప్పున విడదీసి, ఆకును జానెడు, వేరును నాలుగంగుళము లుంచి కోయవలెను. వాలునకు అడ్డముగా, ఒకే మట్టమున చాలు తీసి, ఆరంగుళముల కొకటి చొప్పున నాటవలెను. మొదటి యేట చచ్చినచోట మరల నాటుట ముఖ్యము. వరుసలో సందున్నచో నీరంతయు అచ్చటనే చేరి కాలువ త్రవ్వును. రెండు మూడేండ్లలో దుబ్బులు కలిసి గోడవలె నగును. అప్పుడు నీటి వడి తగ్గి, ఒండ్రుమట్టి పైప్రక్కన నిలిచిపోవును. ఏటేట అడుగున్నర యెత్తున కోసిన లేతాకును పశువులు తినును; ముదురాకు ఇంటి కప్పునకు పనికివచ్చును.

ఇచ్చట నొక హెచ్చరిక. వేళ్లకు వెల యున్నదని గట్టుమీది దుబ్బులను పెకలించినచో, గట్టు గుల్లయై తొలి పెద్దవానకే కొట్టుకొనిపోవును. వేళ్ల నమ్మగోరువారు వాలు లేని ఇసుకపాటి మడిని వేరుగా నుంచి, పదునెనిమిది మాసములకు త్రవ్వుకొనవలెను. గట్టుమీది గడ్డిని గట్టుకే విడువవలెను.

వాననీటికి సరిహద్దురాళ్లు లేవు. మీది రైతు వరుసలోని సందు క్రింది రైతు పొలమును కోయును. కావున ఒకే వాలున భూములుగల సభ్యులందరు కలిసి, నీటివసతిగల చోట నొక నారుమడి పెంచి, ఒక్క తొలకరిలోనే వరుసను ముగించుట మేలు. రానున్న వానలకు నారు కావలెనన్న, మడి నిప్పుడే సిద్ధపరుపవలెను.