యుద్ధంలో పోయినవారి లెక్క ఎలా తేలుస్తారు?

టీవీలో యుద్ధ వార్తలు. ఒక ఛానెల్‌లో మృతుల సంఖ్య ఒకటి, ఇంకో ఛానెల్‌లో మరొకటి. ఏది నిజమని ఇంట్లో పిల్లలు అడిగితే ఏం చెబుతారు? ఈ లెక్కలు తేల్చటం ప్రజారోగ్య నిపుణుల పని కూడా. ఇరాక్ యుద్ధాన్నే చూడండి.

సైనికులు వేరు, పౌరులు వేరు

సైన్యంలో ప్రతి ఒక్కరి పేరూ నమోదై ఉంటుంది. అందుకే ఇరాక్‌లో చనిపోయిన దాదాపు 4,500 మంది అమెరికా సైనికుల వివరాలు పేర్లతో సహా ఉన్నాయి. పౌరులకు అలాంటి పట్టిక లేదు. ఆసుపత్రికి చేరని మరణం చాలాసార్లు రికార్డుకే ఎక్కదు.

రెండు పద్ధతులు

* నమోదైనవి లెక్కించటం: 'ఇరాక్ బాడీ కౌంట్' బృందం వార్తలు, మార్చురీ వివరాల ఆధారంగా ఇలాగే లెక్కించింది. దీనితో తెలిసేది కనీస సంఖ్యే.
* ఇంటింటి సర్వే: యుద్ధానికి ముందు, తర్వాత ఇంట్లో ఎవరెవరు పోయారో అడుగుతారు. ఆ తేడానే 'అదనపు మరణాలు'. బాంబులకు బలైనవారే కాదు, ఇన్సులిన్ దొరకనివారు, డయాలసిస్ ఆగినవారు, కాన్పు వేళకు ఆసుపత్రి చేరలేనివారూ ఇందులోకి వస్తారు.

ఎందుకింత తేడా?

2006 మధ్య వరకు 6.55 లక్షల అదనపు మరణాలని 'లాన్సెట్' అధ్యయనం అంచనా వేసింది. వీటిలో హింసతో పోయినవారే 6.01 లక్షలు. అదే కాలానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఇరాక్ ప్రభుత్వం కలిసి చేసిన సర్వేలో హింసాత్మక మరణాలు 1.51 లక్షలే. మొదటిది 1,849 ఇళ్లలో, రెండోది 9,345 ఇళ్లలో చేసింది. ఏ వీధులు ఎంచుకున్నారు, ప్రమాదకర ప్రాంతాలకు వెళ్లగలిగారా, ఇంటివారు భయం లేకుండా చెప్పారా అన్నదాన్ని బట్టి ఫలితం మారిపోతుంది.

2013లో వచ్చిన మరో అధ్యయనం 2011 వరకు 4.05 లక్షల అదనపు మరణాలని చెప్పింది. అయితే అసలు సంఖ్య 48 వేల నుంచి 7.51 లక్షల మధ్య ఎక్కడైనా ఉండొచ్చని కూడా తెలిపింది.

ఈ 'అదనపు మరణాలు' మనకు కొత్త మాట కాదు. 2020-21లో మనదేశంలో కొవిడ్ మరణాలు అధికారికంగా సుమారు 4.8 లక్షలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా మాత్రం 47 లక్షల అదనపు మరణాలు. దీన్ని మన ప్రభుత్వం ఒప్పుకోలేదు.

అంకె కనిపిస్తే అడగండి

* లెక్కలో ఎవరున్నారు? పౌరులా, సైనికులా, ఇద్దరూనా?
* గాయాలతో పోయినవారేనా, వైద్యం అందక పోయినవారు కూడానా?
* ఏ తేదీ వరకు? కనిష్ఠం, గరిష్ఠం ఎంత?

ఇవి చెప్పని అంకెను వాట్సప్‌లో పంపేముందు కాస్త ఆగండి. ఎక్కువ చేసి చెప్పినా, తగ్గించి చెప్పినా అన్యాయం జరిగేది చనిపోయినవారికే.