నారింజ తోటలో మట్టిపని

బిలాస్‌పూర్ రైల్వే కాలనీల్లో పెరిగిన మన తెలుగు పిల్లలకు ఒక దృశ్యం బాగా అలవాటు. పట్టాలు ఎత్తైన కట్ట మీద పోతుంటాయి. కట్ట పక్కనే గుంటలు, వానాకాలంలో నీళ్ళతో నిండి ఉంటాయి. ఆ గుంటల్లో తవ్విన మట్టితోనే కట్ట పోస్తారు. అమెరికాలోని కాలిఫోర్నియాలో, అనహైం ఊళ్ళో డిస్నీల్యాండ్ కట్టినవారు కూడా ఇదే లెక్కతో పని మొదలుపెట్టారు.

1954 జూలై. 160 ఎకరాల నారింజ, అక్రోటు తోటలు. ఏడాదిలో పార్కు తెరవాలి. వాల్ట్ డిస్నీకి అంత డబ్బు లేదు. తన జీవిత బీమా మీద కూడా అప్పు తెచ్చాడు. ఏబీసీ అనే టెలివిజన్ సంస్థ 5 లక్షల డాలర్లు పెట్టి, మరో 45 లక్షల అప్పుకు హామీ నిలిచింది. బదులుగా డిస్నీ వారికి వారం వారం ఒక కార్యక్రమం ఇచ్చాడు. ఖర్చు చివరికి కోటీ 70 లక్షల డాలర్లు దాటింది.

లోపలికి వచ్చినవారికి బయటి ఊరు కనబడకూడదని డిస్నీ పట్టుదల. అందుకు పార్కు చుట్టూ మట్టికట్ట పోయించి, దాని మీద ఆవిరి రైలు నడిపాడు. అంత చిన్న కట్ట ఊరినెలా దాస్తుంది? మీ బొటనవేలును కంటికి దగ్గరగా పెట్టుకుని చూడండి, ఎదుటి స్టేషన్ భవనమంతా మాయమవుతుంది. దగ్గరున్న చిన్న వస్తువు దూరానున్న పెద్దదాన్ని మూసేస్తుంది. రైలు గేజి 3 అడుగులు. మన బ్రాడ్‌గేజి 5 అడుగుల 6 అంగుళాలు కదా! ఇంజన్లనూ అందుకు తగ్గట్టు చిన్నవిగానే చేశారు.

నది కోసం తవ్విన కాలువ మాత్రం ఏడిపించింది. నీళ్ళు వదిలితే ఇసుక నేల తాగేసింది. ఇసుక రేణువుల మధ్య ఖాళీలు పెద్దవి, బంకమట్టిలో అతి సూక్ష్మం. అడుగున బంకమట్టి పరిచాకే నీరు నిలిచింది. మన పల్లెల్లో చెరువు కట్టే వడ్డెరలను అడిగినా ఇదే చెప్పేవారు.

1955 జూలై 17న ప్రారంభం. కుళాయి పనివారి సమ్మె వల్ల మంచినీటి కుళాయిలా, మరుగుదొడ్లా అని తేల్చుకోవలసి వచ్చింది. డిస్నీ మరుగుదొడ్లనే ఎంచుకున్నాడు. సరైన నిర్ణయమే, కానీ ఆ ఎండలో జనం దాహంతో తిట్టుకున్నారు. అప్పుడే పోసిన తారు మెత్తబడి ఆడవారి ఎత్తు మడమల చెప్పులు దిగబడ్డాయి. మనిషి బరువంతా వేలెడు మడమ మీద పడితే ఒత్తిడి ఎంత పెరుగుతుందో లెక్క వేసి చూడండి. అయినా ఏడెనిమిది వారాల్లో పదిలక్షల మంది వచ్చారు.

కోట చుట్టూ కందకం తవ్వినప్పుడు వచ్చిన మట్టిని ఒక పక్క గుట్టగా పోశారు. నాలుగేళ్ళు అది ఉత్త గుట్టే. 1959లో అదే చోట 147 అడుగుల మాటర్‌హార్న్ కొండ లేచింది, స్విట్జర్లాండ్‌లోని అసలు కొండలో నూరోవంతు. అంతవరకు ఇలాంటి ఎత్తుపల్లాల బండ్లు ఎక్కువగా చెక్క దారుల మీద, ఇనుప పట్టీలపై నడిచేవి. ఇక్కడ మొదటిసారి గుండ్రని ఉక్కు గొట్టాలను పట్టాలుగా వాడారు. గొట్టాన్ని ఎటు కావాలంటే అటు వంచవచ్చు. గొలుసు బండిని పైకి లాగి వదిలేస్తుంది. అక్కడి నుంచి కిందికి తెచ్చేది భూమ్యాకర్షణే.