మెంటల్ హెల్త్ యాప్స్: ఇన్‌స్టాల్ చేసే ముందు అడగాల్సింది ఒక్కటే, బిల్లు ఎవరు కడుతున్నారు?

ప్లే స్టోర్ ఓపెన్ చేసి ‘మెంటల్ హెల్త్’ అని సెర్చ్ చేయండి. ఎంత స్క్రోల్ చేసినా లిస్ట్ అయిపోదు. మెడిటేషన్ యాప్స్, మూడ్ ట్రాకర్లు, ఏఐ చాట్‌బాట్లు, ఆన్‌లైన్ థెరపీ... చాలావాటికి నాలుగు పైన రేటింగ్, చాలావాటికి ఒకేలాంటి లేత రంగుల లోగో. ఫోన్ కొనేటప్పుడైతే ప్రాసెసర్, బ్యాటరీ, కెమెరా పక్కపక్కన పెట్టి పోల్చుకుంటాం. మరి వీటిని దేంతో పోల్చాలి?

మాది నల్గొండ జిల్లా, ఉద్యోగం హైదరాబాద్‌లో. ఊళ్లో తమ్ముళ్లు, కాలేజీ జూనియర్లు ఇన్నాళ్లూ ‘అన్నా, ఏ ఫోన్ తీసుకోవాలె?’ అని అడిగేటోళ్లు. ఈ మధ్య ‘నిద్ర పడ్తలేదన్నా, ఏదన్న యాప్ ఉందా?’ అని కూడా అడుగుతున్నారు. ఫీచర్ల లిస్ట్ చూసి దీనికి జవాబు చెప్పలేం. ఆ యాప్‌కి డబ్బు ఎక్కడి నుంచి వస్తోందో చూస్తే మాత్రం సగం విషయం తేలిపోతుంది. అదెలాగో చూద్దాం.

మార్కెట్‌లో ఉన్నవి నాలుగు రకాలు

1. మెడిటేషన్, నిద్ర యాప్స్: కామ్, హెడ్‌స్పేస్ లాంటివి. రికార్డ్ చేసిన ఆడియో, సబ్‌స్క్రిప్షన్. 2020 చివర్లో కామ్ విలువను ఇన్వెస్టర్లు 200 కోట్ల డాలర్లుగా లెక్కగట్టారు.

2. చాట్‌బాట్లు: బెంగళూరులో పుట్టిన వైసా, 2025లో ఆగిపోయిన అమెరికా యాప్ వోబాట్ ఈ రకం. ఆలోచనల తీరును గుర్తుపట్టి మార్చుకునే పద్ధతిని, అంటే సీబీటీని, చాట్ రూపంలో నేర్పిస్తాయి.

3. థెరపిస్టులతో కలిపే ప్లాట్‌ఫామ్‌లు: అమెరికాలో బెటర్‌హెల్ప్, టాక్‌స్పేస్. మన దగ్గర యువర్‌దోస్త్, అమాహా. ఈ అమాహా పాత పేరు ఇన్నర్‌అవర్.

4. క్లినిక్‌ల సాఫ్ట్‌వేర్: ఇది మీకు స్టోర్‌లో పెద్దగా కనిపించదు. డాక్టర్ నోట్స్, అపాయింట్‌మెంట్లు, ఇన్సూరెన్స్ బిల్లింగ్ చూసుకునే సింపుల్‌ప్రాక్టీస్, నెట్‌స్మార్ట్ లాంటివి. హైదరాబాద్‌లో అమెరికా హెల్త్‌కేర్ ప్రాజెక్టుల్లో పనిచేసే మనవాళ్లకు ఈ లోకం బాగా తెలుసు.

డబ్బు కట్టేవాడే అసలు యూజర్

సాఫ్ట్‌వేర్ ఎవరి కోసం తయారవుతుంది? డబ్బు కట్టేవాళ్ల కోసం. ఈ మార్కెట్‌లో ఆ పని చేసేది ముఖ్యంగా ముగ్గురు.

మీరే కడితే: సబ్‌స్క్రిప్షన్ యాప్ మిమ్మల్ని ఎలాగైనా నెలనెలా ఉంచుకోవాలి. కానీ థెరపీ బాగా పనిచేస్తే మీరు వెళ్లిపోవాలి కదా! స్ట్రీక్‌లు, బ్యాడ్జ్‌లు, ‘మీరు మూడు రోజులుగా రాలేదు’ లాంటి నోటిఫికేషన్లు ఎందుకు అంత ఎక్కువో ఇప్పుడు అర్థమవుతుంది.

కంపెనీ కడితే: ఉద్యోగుల తలకింత అని హెచ్‌ఆర్ కడుతుంది. అప్పుడు డాష్‌బోర్డు హెచ్‌ఆర్‌కి నచ్చాలి. మీకు ఉచితమే. కానీ ఉద్యోగం మారితే యాక్సెస్ పోతుంది, కొన్నిసార్లు మీ థెరపిస్ట్ కూడా పోతారు.

ఇన్సూరెన్స్ కడితే: ఇది ఎక్కువగా అమెరికా కథ. యాప్‌ని కూడా మందులాగే పరీక్షించి, ఎఫ్‌డీఏ అనుమతి తెచ్చుకుని, డాక్టర్ రాసిస్తే ఇన్సూరెన్స్ చెల్లించాలి. చెప్పుకోవడానికి బాగుంటుంది. పెయిర్ థెరప్యూటిక్స్ అనే కంపెనీ 2017లో ఇలాగే అనుమతి తెచ్చుకుంది. డాక్టర్లు రాశారు, ఇన్సూరెన్స్ వాళ్లు సరిగ్గా కట్టలేదు. 2023 ఏప్రిల్‌లో కంపెనీ దివాలా తీసింది. మనం ఫోన్‌లో టైప్ చేసే, స్క్రోల్ చేసే తీరును బట్టి మానసిక స్థితిని అంచనా వేస్తామన్న మైండ్‌స్ట్రాంగ్ కూడా 2023లోనే మూతపడింది. వోబాట్ తన యాప్‌ని 2025 జూన్ 30న ఆపేసింది. ఎఫ్‌డీఏ దారిలో అయ్యే ఖర్చు, పెద్ద ఏఐ మోడళ్ల విషయంలో స్పష్టమైన నియమాలు లేకపోవడం కారణాలని దాని ఫౌండర్ చెప్పారు.

ఇవి టెక్నాలజీ రాక పోయిన కంపెనీలు కావు. ఇంజినీర్లు ఉన్నారు, రీసెర్చ్ పేపర్లు ఉన్నాయి. బిల్లు కట్టేవాడు దొరకలేదు, అంతే.

పై ముగ్గురూ కట్టకపోతే? మీ డేటా కట్టొచ్చు. 2023లో అమెరికా ఎఫ్‌టీసీ బెటర్‌హెల్ప్ మీద చర్య తీసుకుంది. ప్రైవేట్‌గా ఉంచుతామని చెప్పి యూజర్ల ఈమెయిల్స్, హెల్త్ ప్రశ్నలకు సంబంధించిన సమాచారం ఫేస్‌బుక్, స్నాప్‌చాట్ లాంటి కంపెనీలకు యాడ్స్ కోసం ఇచ్చిందన్నది అభియోగం. తప్పు ఒప్పుకోకుండానే కంపెనీ 78 లక్షల డాలర్లు కట్టి సెటిల్ చేసుకుంది. అంతకు ముందు ఏడాది మొజిల్లా 32 మెంటల్ హెల్త్, ప్రార్థన యాప్స్‌ని పరిశీలిస్తే 28కి ప్రైవసీ హెచ్చరిక లేబుల్ పడింది.

మరి నల్గొండ, పాలమూరు ఈ లెక్కలో ఎక్కడ?

పైన చెప్పిన ముగ్గురిలో మా జిల్లాలకు ఎవరున్నారో చూడండి. దేవరకొండలో డిగ్రీ చదివే పిల్లకి క్రెడిట్ కార్డ్ లేదు. అచ్చంపేట నుంచి పనికోసం వలస వెళ్లిన మేస్త్రీకి హెచ్‌ఆర్ లేదు. ఇన్సూరెన్స్ ఉన్నా అది ఎక్కువగా హాస్పిటల్‌లో చేరితేనే. 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం ప్రకారం మానసిక జబ్బుకి కూడా మామూలు జబ్బుతో సమానంగా ఇన్సూరెన్స్ ఇవ్వాలి. కానీ కౌన్సెలింగ్ అంతా అడ్మిట్ కాకుండా జరిగేదే, దానికి చాలా పాలసీల్లో కవర్ ఉండదు.

డబ్బు కట్టేవాళ్లు లేనిచోటికి కంపెనీలు పోటీ పడి రావు. కాబట్టి మా భాష కూడా ఆ యాప్స్‌లోకి రాదు.

భాష అంటే మెనూని తెలుగులోకి మార్చడం కాదు. మా దిక్కు ‘నాకు డిప్రెషన్ ఉంది’ అని ఎవరూ అనరు. ‘రంది పెట్టుకున్నడు’ అంటారు. ‘బిడ్డ పోయిన కాన్నుంచి మనాది పట్టింది’ అంటారు. ‘బుగులైతుంది’, ‘పానం మంచిగ లేదు’ అంటారు. ఈ మాటలు విన్న మనిషికి వెంటనే అర్థమవుతుంది. పేరు చెప్పను గానీ, ఒక చాట్‌బాట్‌లో ‘మస్తు రంది అయితుంది, దేని మీద మనసు వడతలేదు’ అని మనం వాట్సాప్‌లో కొట్టినట్టే ఇంగ్లిష్ అక్షరాల్లో టైప్ చేశాను. దయచేసి మళ్లీ ఇంకోలా చెప్పండి అంది. నిజంగా బాధలో ఉన్నోడు రెండోసారి చెప్తాడా? ఫోన్ పక్కన పడేస్తాడు.

చాలా యాప్స్ వెనక ఉండేది పీహెచ్‌క్యూ-9 అనే ప్రశ్నల పట్టిక. గత రెండు వారాల్లో నిద్ర, ఆకలి, అలసట, ఆసక్తి ఎలా ఉన్నాయని తొమ్మిది ప్రశ్నలు. ఒక్కోదానికి 0 నుంచి 3 మార్కులు, మొత్తం 27. పది లేదా అంతకంటే ఎక్కువ వస్తే సాధారణంగా డాక్టర్‌ని కలవమంటారు. పట్టిక మంచిదే, ప్రపంచమంతా వాడుతున్నారు. కానీ అది మొదటి వడపోత మాత్రమే, రోగనిర్ధారణ కాదు. పైగా ప్రశ్నని గ్రాంథిక తెలుగులోకి మార్చి అడిగితే మా నాయనమ్మ ‘ఏమో బిడ్డా’ అంటుంది, స్కోర్ సున్నా వస్తుంది. అదే ప్రశ్న తెలిసిన మనిషి పక్కన కూర్చుని ఇంటి భాషలో అడిగితే వేరే జవాబు వస్తుంది.

స్టోర్ బయట పనిచేసిన సాఫ్ట్‌వేర్: పశ్చిమ గోదావరి

ఈ రంగంలో నాకు అన్నిటికంటే నచ్చిన ప్రాజెక్ట్ మన తెలుగు ఊళ్లలోనే జరిగింది. ది జార్జ్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ గ్లోబల్ హెల్త్ అనే పరిశోధన సంస్థ ఆంధ్రప్రదేశ్‌లోని పశ్చిమ గోదావరి జిల్లాలో ‘స్మార్ట్ మెంటల్ హెల్త్’ పేరుతో దీన్ని చేసింది.

యాప్‌ని పేషెంట్ చేతికి ఇవ్వలేదు. ఆశా కార్యకర్తకి ట్యాబ్ ఇచ్చారు. ఆమె ఇంటింటికీ వెళ్లి ప్రశ్నలు అడిగి జవాబులు నింపుతుంది. స్కోర్ ఎక్కువ వచ్చినవాళ్ల వివరాలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టర్ ట్యాబ్‌కి వెళ్తాయి. ఆయన మానసిక వైద్య నిపుణుడు కాదు కాబట్టి, ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాల ఆధారంగా ఏం చేయాలో సాఫ్ట్‌వేర్ సలహా ఇస్తుంది. తర్వాత ఎవరిని ఫాలో అప్ చేయాలో మళ్లీ ఆశాకి చెబుతుంది. దీంతోపాటు ఊళ్లో అపోహలు తగ్గించే ప్రచారం కూడా చేశారు.

2017లో వచ్చిన ఫలితాలు ఇవి: 5007 మందిని పరీక్షిస్తే 238 మందికి సమస్య ఉండొచ్చని తేలింది. వాళ్లలో అంతకు ముందు డాక్టర్ దగ్గరికి వెళ్లినవాళ్లు ఇద్దరే, అంటే 0.8 శాతం. ప్రాజెక్ట్ తర్వాత వెళ్లినవాళ్లు 30 మంది, 12.6 శాతం. చిన్న నంబరే. కానీ ఇద్దరి నుంచి ముప్పై మందికి చేరడం వెనక ఉన్నది ఖరీదైన ఏఐ కాదు. తెలిసిన మొహం, అర్థమయ్యే భాష, పక్క ఊరి డాక్టర్. సాఫ్ట్‌వేర్ ఆ ముగ్గురినీ కలిపే తీగ మాత్రమే. తర్వాత హర్యానాలోని ఊళ్లని కూడా కలిపి పెద్ద ట్రయల్ చేశారు. అందులోనూ డిప్రెషన్ తగ్గడంలో తేడా కనిపించిందని 2024లో ప్రచురించారు.

ఉచితంగా ఉన్న పెద్ద పోటీదారు: టెలీ మానస్

14416. ఈ నంబర్ ఇప్పుడే సేవ్ చేసుకోండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న మొదలుపెట్టిన టెలీ మానస్ ఇది. బెంగళూరు నిమ్‌హాన్స్ దీనికి కేంద్రం, టెక్నాలజీ సాయం ట్రిపుల్ ఐటీ బెంగళూరుది. 24 గంటలూ, 20 భాషల్లో. తెలుగు ఎంచుకోవచ్చు. ముందు శిక్షణ పొందిన కౌన్సెలర్ మాట్లాడతారు, అవసరమైతే నిపుణులకు కలుపుతారు. ఇప్పటికి 20 లక్షలకు పైగా కాల్స్ తీసుకుంది. 2024 అక్టోబర్‌లో యాప్ కూడా వచ్చింది. కానీ దీని అసలు బలం మామూలు కాల్‌లో ఉంది. కీప్యాడ్ ఫోన్ నుంచి కూడా పనిచేస్తుంది, డేటా ప్యాక్ అక్కర్లేదు.

ఇంకో మాట. నల్గొండకైనా మహబూబ్‌నగర్‌కైనా హైదరాబాద్ దాదాపు వంద కిలోమీటర్లు. పైగా మన దగ్గర ‘వీణ్ని ఎర్రగడ్డకు పంపాలె’ అన్నది తిట్టు. అందుకే చాలామంది బస్సు ఎక్కరు. ఇప్పుడు అంత దూరం వెళ్లక్కర్లేదు. మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్గొండలో 2019లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి. వాటి హాస్పిటల్‌లో సైకియాట్రీ ఓపీ గురించి అడగండి.

ఇన్‌స్టాల్ చేసే ముందు ఐదు చెక్‌లు

- డబ్బు: ఎవరు కడుతున్నారు? జవాబు దొరక్కపోతే జాగ్రత్త.
- ఎమర్జెన్సీ బటన్: నొక్కి చూడండి. 988 చూపిస్తే అది అమెరికా హెల్ప్‌లైన్, ఇక్కడ పనికిరాదు. 14416 లాంటి మన నంబర్ ఉండాలి.
- పర్మిషన్లు: మూడ్ ట్రాకర్‌కి కాంటాక్ట్స్, లొకేషన్ ఎందుకు? స్టోర్‌లో ‘డేటా సేఫ్టీ’ సెక్షన్ చదవండి. అకౌంట్ డిలీట్ ఆప్షన్ ఉందో లేదో చూడండి.
- మనిషి ఎవరు: సైకియాట్రిస్ట్ అయితే మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్, క్లినికల్ సైకాలజిస్ట్ అయితే ఆర్‌సీఐ రిజిస్ట్రేషన్ ఉండాలి. అడగడం తప్పు కాదు.
- తాళం: ఇంట్లో ఒకే ఫోన్ నలుగురు వాడుతుంటే యాప్ లాక్ పెట్టండి, నోటిఫికేషన్లలో టెక్స్ట్ దాచేయండి.

డేటా విషయం తేలిగ్గా తీసుకోవద్దు. ఫిన్లాండ్‌లో వాస్తామో అనే థెరపీ కంపెనీ రికార్డులను హ్యాకర్ దొంగిలించి, 2020లో పేషెంట్లకే మెయిల్ పెట్టి డబ్బు అడిగాడు. బాధితులు వేలల్లో ఉన్నారు. పాస్‌వర్డ్ పోతే మార్చుకోవచ్చు. థెరపిస్ట్‌కి చెప్పుకున్న మాట బయటపడితే దాన్ని మార్చుకోలేం. మన డీపీడీపీ చట్టం 2023లో వచ్చింది, నియమాలు 2025 నవంబర్‌లో నోటిఫై అయ్యాయి. కానీ కంపెనీల మీద ముఖ్యమైన బాధ్యతలు అమల్లోకి రావడానికి 18 నెలల గడువుంది. అప్పటిదాకా మన జాగ్రత్తే మనకు రక్ష.

చివరగా

నిద్ర పట్టక, ఎగ్జామ్ టెన్షన్‌తో, శ్వాస వ్యాయామం కోసం యాప్ వాడతారా? వాడండి, పైన చెప్పిన చెక్‌లు చేసి. రెండు వారాలుగా తిండి, నిద్ర, పని దెబ్బతింటే యాప్ మీద ఆగిపోవద్దు, మనిషితో మాట్లాడండి. చచ్చిపోవాలనిపిస్తోందని ఎవరైనా చెబితే, ‘ఏం కాదులే’ అని కొట్టిపారేయకుండా పక్కనే ఉండి 14416కి కలపండి. వెంటనే ప్రాణాపాయం ఉంటే 112.

ఇక మనలో కోడ్ రాసేవాళ్లకి ఒక మాట. ఇంకో మెడిటేషన్ యాప్ ఈ మార్కెట్‌కి అక్కర్లేదు. ‘రంది’ అంటే ఏంటో తెలిసిన సాఫ్ట్‌వేర్, ఆశా అక్క చేతిలో ట్యాబ్‌లో నెట్ లేకున్నా నడిచేది ఇంకా కావాలి. దానికి బిల్లు కట్టేది ప్రభుత్వం తప్ప ఇంకెవరూ కనిపించట్లేదు. ఆ మాట గట్టిగా అడగడం కూడా మన పనే.