భాగం – 9: బరువు తగ్గడం, తగ్గిన బరువును నిలుపుకోవడం

9.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
• మీ బరువు, నడుము కొలత ఆరోగ్యకరమైన హద్దులో ఉన్నాయో లేదో లెక్కించుకోగలుగుతారు.
• బరువు తగ్గడంలో ఆహారం పాత్రను, వ్యాయామం పాత్రను వేరువేరుగా వివరించగలుగుతారు.
• తగ్గిన బరువు తిరిగి రావడానికి గల కారణాలను చెప్పగలుగుతారు.
• బరువును నిలుపుకోవడానికి తోడ్పడే అలవాట్లను మీ దినచర్యకు అన్వయించుకోగలుగుతారు.

9.1 పరిచయం

మీలో చాలామంది ఉద్యోగమో వ్యాపారమో ఇంటిపనో చూసుకుంటూ చదువుతున్నవారే. పగలంతా దుకాణంలోనో కార్యాలయంలోనో కూర్చొని, రాత్రి మళ్ళీ పుస్తకం ముందు కూర్చుంటారు. ఈ పాఠం పరీక్షతో పాటు మీ శరీరానికీ సంబంధించినదే.

2019–21లో జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏళ్ళ స్త్రీలలో సుమారు 36 శాతం, పురుషులలో సుమారు 31 శాతం అధిక బరువుతో ఉన్నారు. అంటే ప్రతి ముగ్గురిలో దాదాపు ఒకరు. అధిక బరువు మధుమేహానికి, రక్తపోటుకు, గుండెజబ్బుకు, మోకాళ్ళ నొప్పులకు దారితీస్తుంది.

బరువు తగ్గడం ఒక పని, తగ్గిన బరువును నిలుపుకోవడం మరొక పని అన్నది ఈ భాగంలో మీరు గ్రహించవలసిన ముఖ్య విషయం. మొదటిది ప్రధానంగా పళ్ళెంలో జరుగుతుంది. రెండవది ప్రధానంగా రోజువారీ నడకలో, అలవాట్లలో జరుగుతుంది. ఈ తేడా తెలియకనే ఎంతోమంది రెండు మూడు నెలలు కష్టపడి తగ్గి, ఏడాది తిరిగేసరికి మొదటికి వస్తున్నారు.

9.2 అధిక బరువును గుర్తించడం

బీఎంఐ అని వాడుకలో ఉన్న శరీర ద్రవ్యరాశి సూచికను ఇలా లెక్కిస్తారు: బరువును కిలోగ్రాములలో తీసుకొని, ఎత్తును మీటర్లలో తీసుకొని, బరువును ఎత్తు వర్గంతో భాగించాలి. ఉదాహరణకు 1.60 మీటర్ల ఎత్తు, 64 కిలోల బరువు ఉన్న వ్యక్తి సూచిక 64 ÷ 2.56 = 25.

భారతీయులలో తక్కువ బరువు వద్దనే పొట్ట చుట్టూ కొవ్వు చేరుతుంది, మధుమేహం వస్తుంది. అందువల్ల మనకు సూచిక 23 దాటితే అధిక బరువుగా, 25కు చేరితే ఊబకాయంగా వైద్యులు పరిగణిస్తారు. నడుము కొలత పురుషులకు 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటకూడదు. సన్నని చేతులు, కాళ్ళు ఉండి పొట్ట మాత్రం ముందుకు వచ్చిన వారిని మీరు చూసే ఉంటారు. వారి విషయంలో సూచిక కంటే టేపే ఎక్కువ నిజం చెబుతుంది.

9.3 శక్తి లెక్క: కొండ మెట్ల ఉదాహరణ

తిన్న ఆహారంలోని శక్తి ఖర్చయిన శక్తి కంటే ఎక్కువైతే మిగిలినది కొవ్వుగా నిల్వ అవుతుంది. ఈ శక్తిని కేలరీలలో కొలుస్తారు. ఈ భాగంలో కేలరీ అంటే కిలో కేలరీ అని గ్రహించండి. ఒక కిలో శరీర కొవ్వులో సుమారు 7,700 కేలరీలు ఉంటాయి.

ఇప్పుడు మనకు తెలిసిన ఉదాహరణ తీసుకుందాం. అలిపిరి నుంచి తిరుమలకు సుమారు 3,550 మెట్లు. కింద నుంచి పైకి ఎత్తులో తేడా సుమారు 700 మీటర్లు. 70 కిలోల మనిషి ఈ ఎత్తు ఎక్కడానికి చేసే పని = 70 × 9.8 × 700, అంటే సుమారు 4,80,000 జౌళ్ళు. ఇది 115 కేలరీలకు సమానం. కాని మన కండరాలు వాడిన శక్తిలో నాలుగో వంతో, అంతకు కొంచెం తక్కువో మాత్రమే పనిగా మారుతుంది. మిగిలినది వేడిగా పోతుంది, అందుకే చెమట పడుతుంది. కాబట్టి ఒకసారి కొండ ఎక్కితే 500 నుంచి 600 కేలరీలు ఖర్చవుతాయని అంచనా వేయవచ్చు.

దీన్నిబట్టి ఒక కిలో కొవ్వు కరగాలంటే సుమారు 14 సార్లు కొండ ఎక్కాలి, అదీ ఆ రోజుల్లో అదనంగా ఏమీ తినకుండా. ఏడాదికొకసారి మొక్కు తీర్చుకోవడానికి ఎక్కే మెట్లు భక్తికి సరిపోతాయి గాని బరువుకు సరిపోవు.

రోజూ అరగంట చురుకుగా నడిచే మనిషికి, ఊరకే కూర్చున్నదానికంటే అదనంగా సుమారు 100 కేలరీలు ఖర్చవుతాయి. ఇది చిన్న సంఖ్యే. కాని ఏడాదికి 36,500 కేలరీలు, అంటే అరవైసార్లకు పైగా కొండ ఎక్కినంత! అప్పుడప్పుడు చేసే పెద్ద శ్రమ కంటే రోజూ చేసే చిన్న శ్రమ ఎందుకు మేలో ఈ లెక్క చెబుతుంది.

అయితే ఆ 100 కేలరీలు 11 గ్రాముల నూనెలోనూ, ఒక చిన్న గుప్పెడు చెనక్కాయ పప్పుల్లోనూ ఉంటాయి. అరగంట నడక ఒక్క బజ్జీతో చెల్లిపోతుంది. అందుకే కేవలం వ్యాయామంతో బరువు తగ్గాలనుకునేవారు నిరాశపడతారు. తగ్గడానికి మొదట ఆహారాన్నే చూసుకోవాలి.

9.4 ఆహారంలో మార్పులు

మన ప్రాంతంలో సంగటి తింటే బరువు తగ్గుతారనే నమ్మకం ఉంది. 100 గ్రాముల రాగులలో సుమారు 320 కేలరీలు, అంతే బియ్యంలో సుమారు 355 కేలరీలు ఉంటాయి. తేడా స్వల్పమే. రాగులలో పీచు సుమారు 11 గ్రాములు, బియ్యంలో 3 గ్రాముల లోపే. పీచువల్ల కడుపు త్వరగా నిండుతుంది, ఆకలి ఆలస్యంగా వేస్తుంది. సంగటి వల్ల కలిగే అసలు మేలు ఇదే. సంగటిలో నూకల పాలు పెరిగి, ముద్దలు రెండై, పక్కన ఊరిబిండి ఎక్కువైతే ఆ మేలు మిగలదు.

మన పెద్దలు సంగటి తిని చెనక్కాయ చేలల్లో, చెరకు తోటల్లో రోజంతా పనిచేసేవారు. ఇప్పుడు పళ్ళెం అంతే ఉంది, పని మాత్రం తగ్గింది. ఆహారాన్ని నిందించే ముందు ఈ మార్పును గుర్తించాలి.

ఆచరణలో పెట్టదగిన మార్పులు:

1. పళ్ళెంలో సగం కూరగాయలు, ఆకుకూరలు ఉండాలి. పావు భాగం అన్నం, సంగటి లేదా చపాతీ. మిగిలిన పావు భాగం పప్పు, గుడ్డు, చేప వంటి మాంసకృత్తులు.

2. చక్కెర రోజుకు 25 గ్రాముల లోపు ఉంటే మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. రెండేసి చెంచాల చక్కెరతో నాలుగు టీలు తాగితే ఈ హద్దు దాటిపోతుంది. చక్కెరకు బదులు బెల్లం వేసుకున్నా కేలరీలు దాదాపు అంతే.

3. ఇంటికి నెలకు ఎంత నూనె వస్తున్నదో లెక్కపెట్టి మనిషికి పంచి చూడండి. నలుగురి ఇంట్లో నెలకు ఐదు లీటర్లు ఖర్చయితే మనిషికి రోజుకు దాదాపు 38 గ్రాములు. అందులో పది గ్రాములు తగ్గించినా రోజుకు 90 కేలరీలు తగ్గినట్లే.

4. శనివారం ఒక్కపొద్దు ఉండేవారు పగలు మానిన అన్నానికి బదులు రాత్రి పూరీలు, దోసెలు తింటే మొత్తం తగ్గదు. ఒక పూట ఏం మానామన్నది కాదు, రోజు మొత్తం మీద ఎంత తిన్నామన్నదే లెక్క.

వారానికి అర కిలోకు మించి తగ్గాలని తొందరపడవద్దు. 80 కిలోల మనిషి నాలుగైదు కిలోలు తగ్గినా రక్తపోటు, రక్తంలో చక్కెర మెరుగుపడతాయి.

9.5 తగ్గిన బరువు ఎందుకు తిరిగి వస్తుంది?

బరువు తగ్గినప్పుడు శరీరం దాన్ని కరువుగా భావిస్తుంది. కొవ్వు కణాలు విడుదల చేసే లెప్టిన్ అనే హార్మోను తగ్గుతుంది. ఆకలిని పెంచే గ్రెలిన్ పెరుగుతుంది. విశ్రాంతిలో ఖర్చయ్యే శక్తి కూడా తగ్గుతుంది. అంటే ఆకలి ఎక్కువ, ఖర్చు తక్కువ. తిరిగి లావైనవారిని మనోబలం లేనివారని తప్పుపట్టడం అందువల్ల సరికాదు.

అమెరికాలో ‘ద బిగ్గెస్ట్ లూజర్’ అనే టీవీ పోటీలో వేగంగా బరువు తగ్గిన 14 మందిని ఆరేళ్ళ తరువాత కెవిన్ హాల్ బృందం పరిశీలించి 2016లో ఫలితాలు ప్రకటించింది. చాలామంది తగ్గిన బరువులో ఎక్కువ భాగాన్ని తిరిగి పొందారు. వారి శరీరాలు విశ్రాంతిలో ఖర్చుచేసే శక్తి, ఆ బరువుకు ఉండవలసిన దానికంటే రోజుకు సుమారు 500 కేలరీలు తక్కువగా ఉంది. వారిలో శారీరక శ్రమను ఎక్కువగా కొనసాగించినవారికి బరువు తక్కువగా తిరిగి వచ్చిందని తరువాతి పరిశీలనలో తేలింది. తగ్గడంలో చిన్న పాత్ర ఉన్న వ్యాయామానికి నిలుపుకోవడంలో పెద్ద పాత్ర ఉందన్నమాట.

9.6 నిలుపుకునే అలవాట్లు

అమెరికాలో 1994లో మొదలైన జాతీయ బరువు నియంత్రణ రిజిస్ట్రీలో, 13 కిలోలకు పైగా తగ్గి కనీసం ఏడాది నిలుపుకున్నవారు పేర్లు నమోదు చేసుకుంటారు. వారు తగ్గిన పద్ధతులు వేరైనా, నిలుపుకున్న పద్ధతుల్లో పోలికలు కనిపించాయి. ఎక్కువమంది రోజుకు సుమారు గంటసేపు వ్యాయామం చేస్తారు. అదీ ప్రధానంగా నడకే. ఉదయం ఫలహారం మానరు. వారానికొకసారైనా బరువు చూసుకుంటారు. టీవీ తక్కువగా చూస్తారు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ వ్యాయామాన్ని, దానితోపాటు వారానికి రెండు రోజులు కండరాలకు బలాన్నిచ్చే వ్యాయామాన్ని సూచించింది. కుర్చీలోంచి చేతుల ఆసరా లేకుండా పదిహేనుసార్లు లేచి కూర్చోవడం, గోడకు చేతులాన్చి దండీలు తీయడం వంటివి ఇంట్లోనే చేయవచ్చు. మన వేసవి ఎండల్లో నడకను ఉదయం ఏడింటిలోపు ముగించడం మంచిది. ఒకేసారి వీలుకాకపోతే పది నిమిషాల చొప్పున మూడుసార్లు నడవండి. ఒక పాఠం చదివాక లేచి పది నిమిషాలు నడవడం దూరవిద్యార్థికి సులువైన పద్ధతి.

నడుస్తున్నా బరువు తగ్గడం లేదని మానేసేవారికి ఒక మాట. చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం మధుమేహ ముప్పు ఉన్న 531 మందిపై జరిపి 2006లో ప్రకటించిన అధ్యయనంలో, ఆహారం, నడక అలవాట్లు మార్చుకున్నవారికి మధుమేహం వచ్చే అవకాశం సుమారు 28 శాతం తగ్గింది. వారి సగటు బరువులో చెప్పుకోదగ్గ తగ్గుదల లేకపోయినా ఈ మేలు జరిగింది. తూకం కదలకపోయినా నడక వృథా కాదు.

9.7 జాగ్రత్తలు

గుండెజబ్బు, ఉబ్బసం, అదుపులో లేని రక్తపోటు ఉన్నవారు, ఎక్కువ ఊబకాయం ఉన్నవారు వైద్యుని అడగకుండా ఒక్కసారిగా కొండ మెట్లు ఎక్కరాదు. ముందు సమతలంలో కొన్ని వారాలు నడక అలవాటు చేసుకోవాలి. మెట్లెక్కేటప్పుడు ఛాతీలో నొప్పి, తల తిరగడం, అసాధారణమైన ఆయాసం కలిగితే వెంటనే ఆగి సహాయం కోరాలి. మధుమేహానికి మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు వైద్య సలహా లేకుండా ఉపవాసాలు చేయరాదు. గర్భిణులు, బాలింతలు బరువు తగ్గే ప్రయత్నం చేయకూడదు.

9.8 సారాంశం

భారతీయులకు సూచిక 23 దాటినా, నడుము కొలత హద్దు మీరినా జాగ్రత్తపడాలి. బరువు తగ్గడానికి ముందుగా నూనె, చక్కెర, అన్నం కొలత తగ్గించాలి. తగ్గిన తరువాత శరీరం పాత బరువుకు తిరిగి లాగుతుంది కాబట్టి రోజూ నడక, వారం వారం తూకం, కండరాల వ్యాయామం జీవితాంతం కొనసాగించాలి.

9.9 మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. మీ శరీర ద్రవ్యరాశి సూచికను, నడుము కొలతను లెక్కించి ఏ వర్గంలో ఉన్నారో రాయండి.
2. మీ ఇంట్లో మనిషికి రోజుకు ఎన్ని గ్రాముల నూనె ఖర్చవుతున్నది?
3. 60 కిలోల వ్యక్తి 700 మీటర్ల ఎత్తు ఎక్కితే జరిగే పనిని కేలరీలలో కనుగొనండి. (జవాబు: సుమారు 98)

9.10 మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. 30 పంక్తులలో సమాధానం రాయండి.
1. బరువు తగ్గడంలోనూ, నిలుపుకోవడంలోనూ ఆహారం, వ్యాయామాల పాత్రను ఉదాహరణలతో చర్చించండి.

II. 15 పంక్తులలో సమాధానం రాయండి.
1. తగ్గిన బరువు తిరిగి రావడానికి గల శారీరక కారణాలను వివరించండి.
2. రాగులను, బియ్యాన్ని పోషకాల దృష్ట్యా పోల్చండి.