మహారాష్ట్రమందలి తెలుగు శ్రామికుల విశ్రాంత జీవనము: ధనము, గృహము

షోలాపురమున ఏబది సంవత్సరములు మగ్గము నడపిన పద్మశాలీ వృద్ధుని “మీ ఊరేది?” అని అడిగినచో షోలాపురమని చెప్పడు. తాత తండ్రులు విడిచివచ్చిన కరీంనగరు పల్లె పేరో, నల్లగొండ పల్లె పేరో చెప్పును. ఆ పల్లెలో ఆయనకు ఓటు లేదు, రేషను కార్డు లేదు, పెక్కుసారులు నిలువ నీడయు లేదు. అయినను ఉద్యోగవిరమణ సమయమున చేతికి వచ్చిన మొత్తమును ఎచ్చట వెచ్చింపవలెనన్న ప్రశ్న పుట్టినప్పుడు ఆ పల్లె పేరే మొదట తలపునకు వచ్చును. ఈ వ్యాసమునందు చర్చింపబడు విషయమిదియే.

నిజాము రాజ్యములోని కరీంనగరు, వరంగల్లు, నల్లగొండ, మహబూబునగరు ప్రాంతములనుండి నేతపనివారు షోలాపురమునకును, బొంబాయికిని తరలివచ్చిరి. వారికంటె ముందే కట్టడపు పనులకై వచ్చిన కామాఠీల పేర బొంబాయిలో కామాఠిపుర వెలసినది. 1854లో కావస్జీ దావరు మొదటి నూలు మిల్లు సంస్థను నెలకొల్పిన పిమ్మట మిల్లులు పెరిగినకొలది పరేలు, వర్లీ, ప్రభాదేవి ప్రాంతములలో తెలుగు కుటుంబములు కుదురుకొన్నవి. ఇతరులకు భవనములు కట్టి, వస్త్రములు నేసి యిచ్చిన యీ జనులు తాము మాత్రము చాళ్లలోని ఒంటి గదులలో కాపురముండిరి. 1920 ప్రాంతమున ప్రభుత్వము కట్టించిన బి.డి.డి. చాళ్లలో గది విస్తీర్ణము 160 చదరపు అడుగులు మాత్రమే. ఊరినుండి వచ్చిన బంధువులు సైతము అందే పరుండెడివారు.

శ్రామికునికి పెద్ద మొత్తము జీవితమున ఒక్కసారియే చేతికి వచ్చును. దానిలో మూడు పాయలు గలవు: ప్రావిడెంటు ఫండు, గ్రాట్యుయిటీ, నెలనెలా వచ్చు పించను. ఈ మూడింటి స్వభావములు వేరు. వాని తారతమ్యము తెలియక అన్నిటిని ఒకే మూటగా భావించుటవలననే చిక్కులు కలుగుచున్నవి.

ఉదాహరణమునకు 12,000 రూపాయల వేతనముపై 26 సంవత్సరములు పనిచేసిన కార్మికుని లెక్క చూతము. గ్రాట్యుయిటీ యనగా ఏడాదికి 15 దినముల వేతనము. నెలను 26 పనిదినములుగా గణింతురు. ఆ లెక్కన అతనికి 1,80,000 రూపాయలు వచ్చును. పించను 1995 నవంబరులో ప్రారంభమైన పథకము ననుసరించి యుండును. ఇరువది యేండ్లు నిండినవారికి రెండేండ్లు కలిపి, ఆ మొత్తమును వేతనముచే గుణించి 70చే భాగింతురు. అనగా 12,000ను 28చే గుణించి 70చే భాగింపగా నెలకు 4,800 రూపాయలు. అతడు గతించినచో భార్యకు అందు సగము, అనగా 2,400 మాత్రమే లభించును. ఈ కడపటి అంకెను లెక్కలో చేర్చుకొను కుటుంబములు మిక్కిలి తక్కువ. ఇల్లు కట్టు వేళ భర్త పించను నమ్ముకొని చేసిన అప్పు, ఆయన అనంతరము సగము పించనుతో తీర్పవలసిన భార్యపై పడుచున్నది.

ఈ లెక్కయైనను సక్రమముగా ఫండు కట్టిన యజమానుల వద్ద పనిచేసినవారికే వర్తించును. ఇరువదిమందికి తక్కువ పనివారుగల సంస్థలకు ఆ చట్టము సాధారణముగా వర్తింపదు. షోలాపురపు చిన్న మరమగ్గముల షెడ్లలో జీవితము గడిపినవారిలో ఫండు ముఖము చూడనివారు అనేకులు.

బొంబాయి మిల్లు కార్మికుల కథ మరియొక తీరు. 1982 జనవరి 18న దత్తా సామంతు నాయకత్వమున ప్రారంభమైన సమ్మెలో సుమారు రెండున్నర లక్షలమంది పాల్గొనిరి. పిమ్మట మిల్లులు ఒకటొకటిగా మూతపడినవి. చాలమంది విరమణ వయస్సు రాకముందే విశ్రాంతులైరి. దానిని విశ్రాంతి యనుట కూడ కష్టము. ఆ మిల్లుల భూములలో కొంత భాగమున కార్మికులకు ఇండ్లు కట్టవలెనని నిర్ణయమై, 1982 జనవరి 1 నాటికిగాని తరువాతగాని పనిలో నున్నవారిని, వారి వారసులను అర్హులనుగా గుర్తించిరి. 2012 జూనులో మ్హాడా సంస్థ మొదటిసారి చీట్లు తీసి 6,925 ఇండ్లు కేటాయించెను. ఒక్కొక్క యిల్లు 225 చదరపు అడుగులు, ధర ఏడున్నర లక్షలు. 2016లోను, 2020లోను మరల చీట్లు తీసిరి. దరఖాస్తులు మాత్రము లక్షన్నరకు పైబడినవి. కావున చీటి వచ్చునని యెదురుచూచుచు ఊరిలోని స్థలమును అమ్మివేయుట దూరదృష్టి గల పని కాదు. చీటి రాదని పత్రములు పారవేయుట అంతకంటె తప్పు. మిల్లు హాజరు టిక్కెట్టు, వేతనపు చీటీ, ఫండు సంఖ్య గల కాగితము, వీనిలో ఏదియైనను మనుమనికి అక్కరకు రావచ్చును.

పత్రముల మాట వచ్చినది గనుక పేర్ల సంగతి విపులముగా చెప్పవలసియున్నది. తెలుగువారు ఇంటిపేరును ముందు వ్రాసికొందురు. మహారాష్ట్రమున పేరు, తండ్రి పేరు, ఇంటిపేరు అను క్రమము వాడుక. మిల్లు గుమాస్తా తాను వినిన తీరున మరాఠీలో ఒకటి వ్రాసెను. ఫండు కార్యాలయమున ఆంగ్లమున పొడి అక్షరములతో ఒకటి నమోదయ్యెను. ఆధారు కార్డులో వేరొకటి. ఊరిలోని పహాణీలో నాల్గవది. స్త్రీల విషయమున చిక్కు ఇంకను హెచ్చు. కొన్ని కుటుంబములవారు మరాఠీ ఆచారము ననుసరించి వివాహమునాడు వధువు పేరునే మార్చిరి. పుట్టింటి పేరుతో బడి రిజిస్టరు, అత్తింటి పేరుతో బ్యాంకు పుస్తకము ఉన్న వృద్ధురాలు తానొక్కతెనే యని నిరూపించుకొనుటకు కార్యాలయములచుట్టు తిరుగవలసివచ్చుచున్నది. పించను కోరునాటికి గాక, విరమణకు రెండు మూడేండ్ల ముందే అన్ని పత్రములలోను పేరు, పుట్టిన తేది ఒక్కటిగా నున్నవో లేవో చూచుకొనుట మేలు. నామినేషను విషయమును అట్టిదే. వివాహమునకు ముందు తల్లి పేర వ్రాసిన నామినేషను వివాహముతో చెల్లకపోవును. ముప్పది యేండ్ల క్రిందట వ్రాసియిచ్చితినన్న ధీమాతో మిన్నకుండరాదు.

ఇక ఇల్లు ఎచ్చట? సొంతయూరిలో డాబా కట్టి గృహప్రవేశమునకు బంధువులనందరిని పిలిచి, వారము గడువగనే తాళమువేసి షోలాపురము తిరిగివచ్చిన కుటుంబములు వీధికొకటి కనిపించును. పిల్లల ఉద్యోగములు, మనుమల చదువులు ఇచ్చటనే. పండుగకు పోయినప్పుడు చీపురు పట్టుటకే రెండు దినములు చాలవు. ఆ యింటిలో పెట్టిన ధనము వడ్డీ తేదు, అద్దె తేదు. అయినను ఊరిలో ఇల్లు వలదని కొట్టివేయుట న్యాయము కాదు. వలసవచ్చినవానికి ఊరిలోని ఇల్లు గౌరవమునకు గుర్తు; కొందరికి అదియే కడపటి ఆశ్రయము. అచ్చట సంవత్సరమున ఎన్ని మాసములు వాస్తవముగా ఉందుమన్నది ముందుగా భార్యాభర్తలు కూర్చుండి తేల్చుకొనవలెను. ఆరు మాసములకు తక్కువైనచో పెద్ద కట్టడము అనవసరము. ఒక గది, వంటిల్లు, స్నానపు గది చాలును.

వైద్యమే ఈ నిర్ణయమునకు గీటురాయి. ఐదేండ్లు ఈ.ఎస్.ఐ.లో ఉండి విరమించినవారు ఏడాదికి 120 రూపాయలు చెల్లించి తమకును, జీవిత భాగస్వామికిని వైద్య సౌకర్యము కొనసాగించుకొనవచ్చును. ఈ సంగతి పెక్కుమందికి తెలియదు. కాని ఆ ఆసుపత్రి పారిశ్రామిక నగరములందుండును గాని పల్లెలలో నుండదు. 2024 అక్టోబరు నుండి డెబ్బది యేండ్లు దాటినవారికి ఆదాయముతో నిమిత్తము లేకుండ ఆయుష్మాన్ పథకమున ఏడాదికి ఐదు లక్షల వరకు చికిత్స కలదు. అది రాష్ట్రపు ఎల్లలు దాటినను చెల్లును. పించను సంగతి కూడ సులభమైనది. 2025 జనవరి నుండి దేశములో ఏ బ్యాంకు శాఖనుండియైనను ఫండు పించను తీసికొను ఏర్పాటు జరిగినది. ఊరికి పోయినచో పించను ఆగునన్న భయము ఇప్పుడు అక్కరలేదు.

చేతికి వచ్చిన ధనమునుండి ఇంటికి ఎంత? సగమునకు మించరాదనుట ఉచితముగా తోచుచున్నది. మిగిలినది నెల గడచుటకు ఉండవలెను. అరువది నిండినవారికి తపాలా కార్యాలయమున వృద్ధుల పొదుపు పథకము కలదు. 2023 ఏప్రిలులో దాని గరిష్ఠ పరిమితిని 15 లక్షలనుండి 30 లక్షలకు పెంచి, వడ్డీని నూటికి 8.2గా నిర్ణయించిరి. ఈ రేటును ప్రభుత్వము మూడు మాసములకొకసారి సమీక్షించును. కాని డబ్బు కట్టిననాటి రేటు ఐదేండ్లు మారదు. 8.2 వంతున ఐదు లక్షలకు మూడు మాసములకొకసారి 10,250 రూపాయలు చేతికి వచ్చును. షోలాపురపు తెలుగువారికి భిశీలును, పతసంస్థలును ఇంటిముంగిట నుండుటచే వానియందు మక్కువ. ఆపద వేళ అవి ఆదుకొనుచున్న మాటయు నిజము. కాని బ్యాంకులలోని నిలువకు, సహకార బ్యాంకులు సైతము చేరి, ఒక్కొక్కరికి ఒక్కొక్క బ్యాంకులో ఐదు లక్షల వరకు 2020 నుండి బీమా కలదు. పతసంస్థలకు అది లేదు. ఒకటి రెండు రూపాయల హెచ్చు వడ్డీకై జీవితకాలపు కష్టార్జితమును అచ్చట ఉంచుట తగదు.

స్థలము విషయమున తొందర పనికిరాదు. ఊరిలోని పాత ఇంటిచోటు అన్నదమ్ముల నడుమ నోటిమాటగా పంచుకొన్నదై యుండును. ఆడపడుచుల హక్కును మరచుట వాడుక. ఉమ్మడి ఆంధ్రప్రదేశములో 1985లోను, మహారాష్ట్రములో 1994లోను, దేశమంతట 2005లోను చట్టములు మారి కుమార్తెలకు పిత్రార్జితమున సమాన భాగము ఏర్పడినది. 2020లో సుప్రీము కోర్టు దానిని మరింత స్పష్టపరచినది. అక్కచెల్లెండ్ర సంతకములు లేని స్థలముపై స్లాబు వేయుట వ్యాజ్యమునకు పునాది వేయుటయే. ఊరిలోని తమ్మునికి ముక్తారునామా వ్రాసియిచ్చుట సులభముగా తోచును. కాని ముక్తారునామాచే జరిగిన అమ్మకము స్వామ్యము నీయదని 2011లో సుప్రీము కోర్టు తీర్పు చెప్పినది. వ్యవసాయభూమి ముక్కను ప్లాటుగా కొన్నచో అది వ్యవసాయేతరముగా మార్చబడినదో లేదో చూడవలెను.

కట్టుబడి సంగతి. యజమాని ఇరువది ఆమడల దూరమున ఉండి ఇల్లు కట్టించుట కంటె కష్టమైన పని లేదు. మిల్లువారు మే మాసపు సెలవులలో పని మొదలిడుట పరిపాటి. అప్పుడే ఊరిలో నీటి కొరత. స్లాబు పోసిన తరువాత కనీసము పది దినములు, ఎండలలో రెండు వారములు నీరు నిలుపవలెను. యజమాని రైలెక్కినపిమ్మట ఆ నీరు పట్టువాడెవడు? మూడేండ్లకు పైకప్పు కారుటకు ముఖ్యకారణ మిదియే. సిమెంటును నిందించి ప్రయోజనము లేదు. రేగడి నేలయైనచో అది వాననీటికి ఉబ్బి, ఎండకు బీటలువారును. గట్టి మొరము తగులువరకు పునాది త్రవ్వనిదే గోడలు నిలువవు. మేస్త్రీతో కూలి గుత్తయో, సామానుతో గుత్తయో ముందే కాగితముపై వ్రాసికొని పునాది, లింటెలు, స్లాబు, పూత అను దశలవారిగా పైకము ఇయ్యవలెను. పదియవ వంతు మొదటి వాన కురిసి చూచిన పిదప ఇచ్చుట మంచి పద్ధతి. వాస్తు పేరున కట్టిన గోడను పడగొట్టించువారు, వృద్ధులకు మరుగుదొడ్డి మెట్లు ఎక్కకుండ ఉండవలెనన్న సంగతిని తలపరు.

బీడీలు చుట్టిన తెలుగు స్త్రీల విషయము వేరుగా వ్రాయదగినది. ఇచ్చట స్థూలముగా చెప్పినచో, షోలాపురము చెంత కుంభారిలో గోదూతాయి పరూళేకరు పేర కట్టిన పదివేల ఇండ్లు 2006లో బీడీ కార్మిక స్త్రీలకు అందినవి. ఆ సమీపముననే రే నగరులో 2024 జనవరి 19న సుమారు 15,000 ఇండ్లు అందజేయబడినవి. స్త్రీ పేర ఇల్లుండుటచే వార్ధక్యమున ఆమెను వెడలిపొమ్మనువారు లేకపోయిరి. మిల్లు కార్మికుల ఇండ్లకు గూడ ఈ పద్ధతి తగినదే.

కడపట ఇల్లు పిల్లలకు వ్రాయు సంగతి. బ్రతికియుండగనే కుమారునికి దానపత్రము వ్రాసి, పిమ్మట అదే యింటిలో పరాయివారైనవారు గలరు. 2007నాటి తల్లిదండ్రుల పోషణ చట్టము ననుసరించి, తమ్ము పోషింపవలెనన్న నిబంధనతో ఇచ్చిన ఆస్తిని, ఆ నిబంధన తప్పినచో రద్దుపరచుమని ట్రిబ్యునలును కోరవచ్చును. అందుచే ఆ నిబంధనను దానపత్రములోనే స్పష్టముగా వ్రాయించుట అవసరము. అంతకంటె వీలునామాయే క్షేమము; వ్రాసినవారు జీవించియున్నంతవరకు ఇల్లు వారిదే, మనసు మారినచో మార్చుకొనవచ్చును. దానికి ఇద్దరు సాక్షులు కావలెను. రిజిస్టరు చేయించుట మంచిదేగాని నిర్బంధము కాదు. షోలాపురమున వ్రాసిన వీలునామా తెలంగాణములోని ఇంటికిని చెల్లును. అది తెలుగులోనైనను వ్రాయవచ్చును. అయితే మరాఠీ బడిలో చదివిన కుమారునికి, మనుమనికి ఆ తెలుగు చదువరాకపోవచ్చును గనుక, సంతకము చేసిననాడే సాక్షుల యెదుట పైకి చదివి వినిపించి, మరాఠీ ప్రతి నొకదానిని దానితో జతపరచి యుంచవలెను.