లాటరీ దాటిన తరువాత



మార్చి నెల వచ్చిందంటే మన సంఘాలలో ప్రార్థన విన్నపాల చీటీలలో ఒక మాట తరచుగా కనిపిస్తుంది: "మా అబ్బాయి పేరు హెచ్-1బి లాటరీలో రావాలి." కొన్నేళ్ల తరువాత అవే కుటుంబాల నుండి మరో విన్నపం వస్తుంది: "గ్రీన్‌కార్డు వచ్చేవరకు ఉద్యోగం నిలవాలి." ఈ రెండు చీటీల మధ్య నలిగిపోయే బ్రతుకును అర్థం చేసుకోవాలంటే, ఈ చట్టాలలో టెక్ కంపెనీల పాత్ర ఏమిటో తెలియాలి.

అమెరికా 1990లో చేసిన చట్టం హెచ్-1బి వీసాలను ఏటా 65,000కు పరిమితం చేసింది. ఉద్యోగం ద్వారా ఇచ్చే గ్రీన్‌కార్డులు ఏటా సుమారు 1,40,000 అన్నది. ఉద్యోగి భార్యాపిల్లలూ ఈ లెక్కలోనే వస్తారు. పైగా ఏ ఒక్క దేశానికీ సాధారణంగా 7 శాతం మించకూడదు. చిన్న దేశానికైనా భారతదేశానికైనా కొలత ఒకటే.

తరువాత కంపెనీలు నిపుణులు చాలడం లేదని కాంగ్రెసును గట్టిగా కోరాయి. ఫలితంగా 2001 నుండి 2003 ఆర్థిక సంవత్సరాల వరకు హెచ్-1బి పరిమితి 1,95,000కు పెరిగింది. తిరిగి 65,000కు పడిపోయాక, అమెరికాలో పైచదువులు చదివినవారికి మరో 20,000 కలిపారు. 2008లో బిల్ గేట్స్ స్వయంగా కాంగ్రెసు కమిటీ ముందు ఈ మాటే చెప్పారు. 2013లో మార్క్ జుకర్‌బర్గ్ తదితరులు వలస సంస్కరణల కోసమే ఒక సంస్థను ప్రారంభించారు. ఆ యేటి సంస్కరణ బిల్లు సెనేటులో 68-32 ఓట్లతో నెగ్గినా, ప్రతినిధుల సభ దానిని చర్చకే తీసుకోలేదు. దేశాలవారీ పరిమితిని తొలగించే బిల్లు 2019లో ప్రతినిధుల సభలో 365-65తో నెగ్గింది గాని చట్టం కాలేదు.

కంపెనీలు గ్రీన్‌కార్డుల కోసమూ అడిగాయి. ఆ మాట ఒప్పుకోవాలి. అయితే లోపలికి వచ్చే తలుపు కొంతకాలమైనా వెడల్పయింది, లోపలి వరుస మాత్రం కదలలేదు. వరుస కదలకపోతే నష్టం ఎవరికి? వీసాకు దరఖాస్తు చేసేది ఉద్యోగి కాదు, యజమాని. గ్రీన్‌కార్డుకూ చాలావరకు అంతే. ఉద్యోగం పోతే మరో యజమానిని వెదకుకోవడానికి సాధారణంగా 60 రోజులే గడువు. తండ్రి వరుసలో ఉండగానే బిడ్డకు 21 యేళ్లు నిండితే, ఆ బిడ్డ వరుస నుండి జారిపోవచ్చు. అలాంటి మనిషి జీతం తక్కువని గాని, పని ఎక్కువని గాని నోరు విప్పడానికి జంకుతాడు. అతని కోసం మాట్లాడే కంపెనీయే అతని మౌనం వలన లాభపడుతుంది.

అమెరికా ఉద్యోగుల బాధ కూడా అబద్ధం కాదు. తమ స్థానంలోకి వచ్చినవారికి తామే పని నేర్పి ఇంటికి వెళ్లినవారు అక్కడ ఉన్నారు. 2025 సెప్టెంబరులో, దేశం బయట ఉన్నవారి కోసం పెట్టే కొత్త హెచ్-1బి దరఖాస్తులకు లక్ష డాలర్లు చెల్లించాలన్న ప్రకటన వెనుక ఆ కోపం కూడా ఉంది. అయితే రుసుము పెంచినంత మాత్రాన ఉద్యోగికి స్వేచ్ఛ రాదు. పని మారే హక్కు, న్యాయమైన జీతం, కదిలే వరుస ఉంటే ఇద్దరికీ మేలు. ఎందుకంటే భయపడి చవకగా పనిచేసేవాడు లేనప్పుడు, పక్కవాడి ఉద్యోగానికీ ముప్పు తగ్గుతుంది.

కాబట్టి కంపెనీలను రక్షకులుగా చూడవద్దు, శత్రువులుగానూ చూడవద్దు. సంస్కరణ అన్న మాట వినబడినప్పుడల్లా ఒక్క ప్రశ్న అడుగుదాం: ఇది ఎంతమందిని రప్పిస్తుంది అని మాత్రమే కాదు, వచ్చినవారిని ఎంత స్వతంత్రులను చేస్తుంది?

తల్లిదండ్రులకు ఒక మనవి. ఫోనులో "గ్రీన్‌కార్డు ఎప్పుడు?" అని అడిగే ముందు, "నువ్వు ఎలా ఉన్నావు?" అని అడగండి. మొదటి ప్రశ్నకు జవాబు మీ బిడ్డ చేతిలో లేదు.