తాళం మన దగ్గరే ఉంది, మారు తాళంచెవి ఎవరి దగ్గరుంది?

హాస్టల్లో చేరిన రోజు సీనియర్లు మనందరికీ చెప్పే మొదటి మాట "రేకు పెట్టెకు తాళం వేసుకో తమ్ముడూ" అని. ఆ అలవాటు మనకు బాగానే పట్టింది. కంప్యూటర్ ముందు కూర్చున్నప్పుడు మాత్రం తాళంచెవి తీసి, పేరు కూడా తెలియనివాడి చేతిలో పెడుతున్నాం.

పీజీలో మేం ముగ్గురం డబ్బులు వేసుకుని ఒక పాత ల్యాప్‌టాప్ కొన్నాం. వీడియో పాఠాలు దించుకోవచ్చని ఎవరో చెబితే బ్రౌజర్‌లో ఒక ఎక్స్‌టెన్షన్ వేశాం. వారం తిరక్కుండానే మాలో ఒకరి ఈమెయిల్ నుంచి ఎవరెవరికో ఉత్తరాలు వెళ్ళడం మొదలైంది. స్కాలర్‌షిప్, అడ్మిషన్ కబుర్లన్నీ వచ్చేది ఆ మెయిల్‌కే. పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పలేదు, ఓటీపీ ఇవ్వలేదు. మరెలా పోయింది? రెండు రోజులు ఒకరి మీద ఒకరం అనుమానపడ్డాం. మెయిల్ మళ్ళీ చేతికొచ్చింది గానీ, ఆ రెండు రోజుల మాటలు ఇప్పటికీ గుర్తున్నాయి. ఎక్స్‌టెన్షన్ తీసేసి, పాస్‌వర్డ్ మార్చాకే ఆ గోల ఆగింది.

అప్పుడు కూర్చుని చదివాం. ఎక్స్‌టెన్షన్ అంటే బ్రౌజర్‌కు మనం తగిలించే చిన్న ప్రోగ్రామ్. వేసేటప్పుడు క్రోమ్ ఒక మాట అడుగుతుంది: అన్ని వెబ్‌సైట్లలోని మీ డేటాను ఇది చదవగలదు, మార్చగలదు, సరేనా? మనం చదవకుండా సరే అంటాం. ఇక మనం తెరిచే పేజీ, టైపు చేసే అక్షరం అన్నీ దానికి కనబడతాయి. బ్యాంకు సైటు పక్కన తాళం గుర్తు ఉన్నా లాభం లేదు. ఆ తాళం దారిలో దొంగలను ఆపుతుంది, ఇంట్లో కూర్చున్నవాడిని కాదు.

ఓటీపీ సంగతి మరీ విచిత్రం. సినిమా హాల్లో ఇంటర్వెల్‌కు బయటికి వెళ్ళేవాళ్ళకు గేటు దగ్గర చీటీ ఇస్తారు కదా, అది చూపిస్తే మళ్ళీ టికెట్ అడగరు. మనం ఒకసారి లాగిన్ అయ్యాక వెబ్‌సైటు కూడా అలాంటి చీటీనే బ్రౌజర్‌లో దాస్తుంది. దాని పేరు సెషన్ కుకీ. దొంగ ఎక్స్‌టెన్షన్ ఆ చీటీ ఎత్తుకుపోతే పాస్‌వర్డ్, ఓటీపీ రెండూ అక్కర్లేదు.

ఊరూపేరూ లేనివి వేసుకోకపోతే సరిపోతుంది కదా అనుకున్నాం. అదీ నిజం కాదు. మెమరీ తక్కువ ఉన్న కంప్యూటర్లకు (అంటే మనలాంటి వాళ్ళవి!) 'ది గ్రేట్ సస్పెండర్' అనేది ఎంతో ఉపయోగపడేది. సుమారు 20 లక్షల మంది వాడేవారు. 2020లో దాన్ని తయారుచేసినాయన వేరేవాళ్ళకు అమ్మేశాడు. కొన్నవాళ్ళు బయటి సర్వర్ నుంచి కోడ్ తెచ్చి నడిపే ఏర్పాటు చేర్చారు. 2021 ఫిబ్రవరిలో గూగుల్ దాన్ని తొలగించింది. వాడేవాళ్ళకు యజమాని మారాడన్న సంగతే తెలియదు.

ఇంకో సంఘటన 2024 డిసెంబరులో జరిగింది. సైబర్‌హేవెన్ డేటా భద్రత కల్పించే కంపెనీ. మీ ఎక్స్‌టెన్షన్‌ను తీసేస్తున్నామంటూ గూగుల్ పేరుతో వచ్చిన దొంగ మెయిల్‌ను అక్కడి ఉద్యోగి నమ్మి, అనుమతి నొక్కాడు. క్రిస్మస్ రోజున దాదాపు 4 లక్షల మంది వాడే ఆ ఎక్స్‌టెన్షన్‌కు చెడ్డ అప్‌డేట్ వెళ్ళింది. అప్‌డేట్లు వాటంతటవే ఎక్కుతాయి కాబట్టి ఎవరూ ఏమీ నొక్కనక్కర్లేదు. భద్రత అమ్మేవాళ్ళకే ఇలా జరిగితే మనమెంత!

కనుక తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఈ పేజీ పక్కన పెట్టి ఒకసారి బ్రౌజర్ తెరవండి. పైన కుడివైపు మూడు చుక్కలు నొక్కితే ఎక్స్‌టెన్షన్ల జాబితా కనబడుతుంది. ఆరు నెలలుగా వాడనిది తీసేయండి. ఉంచుకునేదానికి వివరాల్లోకి వెళ్ళి, 'క్లిక్ చేసినప్పుడు మాత్రమే' అనే అనుమతి ఇవ్వండి. అనుమానం ఉన్నదాన్ని తీసేసి ఊరుకోవద్దు. చీటీ ఇంకా దొంగ దగ్గరే ఉంటుంది, అన్ని పరికరాల నుంచి లాగౌట్ అయితేనే అది చెల్లదు. ఆ తర్వాత పాస్‌వర్డ్ మార్చాలి. నెట్ సెంటర్లో స్కాలర్‌షిప్ ఫారం నింపేటప్పుడు ఇన్‌కాగ్నిటో విండో వాడండి. మనం ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప ఎక్స్‌టెన్షన్లు అందులో పనిచేయవు.

మా ల్యాప్‌టాప్‌లో ఆ రోజు పదకొండు బయటపడ్డాయి. మేం వేసినట్టు గుర్తున్నవి నాలుగే.